వరస కలుపుకున్న అక్కచెల్లెళ్లు: అమెరికా కళాశాలల్లో ఆసియా సొరోరిటీలు

తెలుగింట్లో ‘సోదరీ’ అని ఎవరూ ఎవరినీ పిలవరు. అది పుస్తకాల మాట, వేదికల మాట. ఇంట్లో ఉండేది అక్క, లేకపోతే చెల్లి. ఎవరు ముందు పుట్టారో, ఎవరు ఎవరికి జడ వేయాలో, ఎవరు తిట్టినా ఎవరు పడాలో ఆ రెండు పిలుపుల్లోనే తేలిపోతుంది. జపనీస్, చైనీస్, కొరియన్ భాషల్లోనూ ఇంతే. పెద్దదానికి ఒక మాట, చిన్నదానికి ఇంకో మాట ఉంటాయి. ఇంగ్లీషులో ఆ తేడా చెప్పే విడి మాటలు లేవు, ఇద్దరికీ కలిపి ‘సిస్టర్’ ఒక్కటే. అమెరికా కళాశాలల్లో విద్యార్థినులు ఏర్పాటు చేసుకునే సొరోరిటీలు ఈ లోటును తమకు తోచిన రీతిలో పూడ్చుకున్నాయి. సంఘంలో ముందు చేరిన అమ్మాయి ‘బిగ్’ అవుతుంది, ఆమె చేయి పట్టుకుని తర్వాత వచ్చిన అమ్మాయి ‘లిటిల్’ అవుతుంది, ఆ బిగ్‌కు బిగ్ అయిన అమ్మాయి కొత్తపిల్లకు ‘గ్రాండ్‌బిగ్’ అవుతుంది. రక్తసంబంధం లేనివాళ్లు పిలుపుతోనే బంధువులు కావడాన్ని మనం వరస కలుపుకోవడం అంటాం. సొరోరిటీ చేసే పని కూడా అదే, కాకపోతే నియమావళి రాసుకుని, చందా కట్టించుకుని, విశ్వవిద్యాలయం గుర్తింపు తీసుకుని చేస్తుంది. ఆసియా మూలాలున్న అమ్మాయిలు తమకంటూ విడిగా ఇలాంటి సంఘాలు ఎందుకు పెట్టుకున్నారో, అవి వాళ్లకు ఇచ్చేదేమిటో, వాటిలో ఉన్న ప్రమాదమేమిటో అర్థం కావాలంటే ఈ వరసను పట్టుకుని వెళ్లడమే సరైన దారి అని నా నమ్మకం.

లాటిన్‌లో అక్కచెల్లెళ్లకు వాడే ‘సొరోర్’ నుంచి సొరోరిటీ అన్న మాట పుట్టింది. సంస్కృతంలోని ‘స్వసృ’ శబ్దానికి అది చుట్టమే, మగపిల్లల సంఘాలను సూచించే ఫ్రెటర్నిటీకి మూలమైన ‘ఫ్రాటెర్’ మన ‘భ్రాతృ’ శబ్దానికి చుట్టమైనట్టే. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకునే ఆనవాయితీ 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో ఫై బీటా కాపా అనే విద్యార్థి సంఘంతో మొదలైంది. అమ్మాయిల సంఘాలు ఈ దారి పట్టడానికి ఇంచుమించు వందేళ్లు పట్టింది. 1870లో ఇండియానా రాష్ట్రంలో కాపా ఆల్ఫా థీటా, 1874లో సిరాక్యూస్‌లో గామా ఫై బీటా ఏర్పడ్డాయి. ఇవి మన హాస్టళ్లలాంటివీ కావు, ఎన్‌ఎస్‌ఎస్ విభాగాలలాంటివీ కావు. జాతీయ స్థాయిలో ఒక సంస్థ, దాని కింద ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో శాఖ ఉంటాయి. ఎవరిని చేర్చుకోవాలో ఆ శాఖలోని విద్యార్థినులే నిర్ణయిస్తారు. చదువు ముగిసినా సభ్యత్వం పోదు. విద్యలో స్త్రీపురుష వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం నుంచి సభ్యత్వం విషయంలో వీటికి 1974లో మినహాయింపు దొరికింది కాబట్టి, ఇవి నేటికీ అమ్మాయిలకే పరిమితమై ఉండగలుగుతున్నాయి.

ఎవరిని చేర్చుకోవాలో సభ్యులే నిర్ణయిస్తారన్న ఆ ఒక్క నియమంలోనే చిక్కంతా ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో శ్వేతజాతి సంఘాలు తమవాళ్లను తప్ప ఎవరినీ రానిచ్చేవి కావు. కొన్నింటి నియమావళిలో ఆ మాట స్పష్టంగా రాసి ఉండేది, మిగిలినవాటికి రాసుకోవలసిన అవసరమే రాలేదు. నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కాపా ఆల్ఫాను స్థాపించుకున్నారు. 2020 ఎన్నికల వేళ కమలా హారిస్ గురించిన వార్తల్లో మన పాఠకులకు కనిపించిన సొరోరిటీ ఇదే. తమిళ తల్లికి పుట్టిన ఆమె 1986లో హోవర్డ్‌లో చదువుతూ అందులో చేరారు. దక్షిణాసియా అమ్మాయిల పేరిట ఒక సొరోరిటీ ఏర్పడటానికి అప్పటికింకా పన్నెండేళ్ల వ్యవధి ఉంది.

ఆసియా మూలాలున్న అమ్మాయిల కథ మాత్రం అంతకు చాలా ముందే, లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో, అంటే యూసీఎల్‌ఏలో, జపనీస్ అమెరికన్ విద్యార్థినులు 1928లో ఒక సంఘంగా కూడారు. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయం దానిని కై ఆల్ఫా డెల్టా పేరుతో గుర్తించింది. ఆసియన్ అమెరికన్ సొరోరిటీలన్నింటిలోకి అదే పాతది. ఆ అమ్మాయిలను జపనీస్ భాషలో ‘నిసేయ్’ అంటారు, రెండో తరం అని అర్థం. అమెరికాలో పుట్టినవాళ్లు కాబట్టి వాళ్లు పౌరులు. వాళ్ల తల్లిదండ్రులు మాత్రం పౌరసత్వానికే అనర్హులని 1922లో సుప్రీంకోర్టు తేల్చింది. కాలిఫోర్నియాలో 1913 నుంచి ఉన్న చట్టం ప్రకారం అలాంటివాళ్లు పొలం కొనుక్కోవడానికి కూడా వీల్లేదు. తరగతిలో తోటివాళ్లు, తరగతి బయట పరాయివాళ్లు అన్నట్టుండేది ఆ పిల్లల పరిస్థితి. తేనీటి విందులు, నృత్య సాయంకాలాలు, ఫలహారాల అమ్మకాలు అంటూ పక్కనున్న శ్వేతజాతి సొరోరిటీలు చేసేవన్నీ వాళ్లూ చేశారు. తర్వాతి తరాల వాళ్లలో కొందరు దీన్ని అనుకరణ అని చిన్నచూపు చూశారు. నాకలా అనిపించదు. ఒక పంక్తిలో తనకు విస్తరి వేయరని తెలిసినవాళ్లు పక్కనే ఇంకో పంక్తి వేసుకుని అవే వంటకాలు వడ్డించుకుంటే, దానిని అనుకరణ అనడం కంటే హక్కు చాటుకోవడం అనడమే సబబు.

ఒక్కటి మాత్రం వాళ్లు చేయలేకపోయారు. యూసీఎల్‌ఏ సొరోరిటీల ఇళ్లన్నీ ప్రాంగణం అంచున హిల్‌గార్డ్ అవెన్యూ పొడవునా వరుసగా ఉంటాయి. ఒక సంఘానికి ఇల్లు ఉండటమంటే ఇరవై ముప్పై మంది ఒకే కప్పు కింద తిని, పడుకుని, చదువుకోవడమే కాదు, ఊళ్లో తమకూ ఒక చిరునామా ఉండటం. ఆ వెస్ట్‌వుడ్ ప్రాంతపు దస్తావేజుల్లో స్థలాన్ని శ్వేతజాతీయులు కానివాళ్లకు అమ్మరాదు, వాళ్లు అక్కడ నివసించరాదు అన్న షరతులుండేవి. ఇలాంటి షరతులలో సాధారణంగా ఒకే ఒక్క మినహాయింపు కనిపిస్తుంది: ఇంటి పనివాళ్లుగా అయితే ఉండవచ్చు. డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఆ వీధిలో పనిమనిషిగా ఉండవచ్చు గానీ సొరోరిటీ సభ్యురాలిగా ఉండటానికి వీల్లేదన్నమాట. న్యాయస్థానాలు ఇలాంటి షరతులను అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది, అంటే సంఘానికి గుర్తింపు వచ్చిన పందొమ్మిదేళ్లకు.

ఈలోగా జపాన్‌తో యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల నడుమ శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. చదువులు మధ్యలో ఆగిపోయాయి, సభ్యులే లేనందున కై ఆల్ఫా డెల్టా మూతపడింది. శిబిరాల నుంచి తిరిగి వచ్చినవాళ్లు 1946లో దానిని మళ్లీ తెరిచారు. ఆస్తులు పోయి, అద్దెకు ఇల్లు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో అమ్మాయిలు ముందుగా నిలబెట్టుకున్నవాటిలో ఈ సంఘం కూడా ఉందన్న సంగతి నన్ను కదిలిస్తుంది. సొరోరిటీ అంటే విందులూ వేడుకలూ అనుకునేవాళ్లు ఆ 1946వ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. 1929 నాటి ఆ సంఘాన్ని ఈరోజు ఆసియన్ అమెరికన్ సొరోరిటీ అంటున్నాం గానీ, ఆనాడు ఆ మాటే లేదు. వాళ్లు తమను జపనీస్ అమెరికన్లనే అనుకున్నారు. 1930లో శాన్ ఫ్రాన్సిస్కోలో సిగ్మా ఒమిక్రాన్ పైని స్థాపించినవాళ్లు తమను చైనీస్ అమెరికన్లనే అనుకున్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టే ‘ఏషియన్ అమెరికన్’ అన్న మాట 1968లో బర్కిలీ విద్యార్థి ఉద్యమంలో పుట్టింది. అది ఉద్యమంలోంచి బయటికొచ్చి సామాన్యులకు అంటుకోవడానికి మరో పధ్నాలుగేళ్లు పట్టింది. 1982లో డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే చైనీస్ అమెరికన్ యువకుణ్ణి, జపాన్ కార్ల వల్ల ఉద్యోగాలు పోతున్నాయన్న కోపంలో ఉన్న ఇద్దరు శ్వేతజాతీయులు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. న్యాయమూర్తి వాళ్లకు జైలుశిక్ష వేయలేదు. ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. కొట్టేవాడు నీది జపానా, చైనానా అని అడిగి కొట్టడన్న సత్యం అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ఆసియాలో ఎవరూ తమను ముందుగా ఆసియావాసులమని చెప్పుకోరు. ఆ గుర్తింపు అమెరికాలో తయారైనది, అదీ చాలావరకు దెబ్బ తగిలిన చోట.

1990లలో ఆసియా సొరోరిటీలు వెల్లువలా పుట్టుకురావడానికి నేపథ్యం ఇది. దానికి తోడు సంఖ్యాబలం వచ్చింది. దేశాలవారీ కోటాలను తీసేసిన 1965 నాటి వలస చట్టం వైద్యులకు, ఇంజినీర్లకు దారి తెరిచింది. అలా వచ్చినవాళ్లకు డెబ్బైల చివర్లో పుట్టిన పిల్లలు తొంభైల చివర్లో కళాశాల మెట్లెక్కారు. 1990 జనగణనలో 8 లక్షల పైచిలుకుగా ఉన్న భారత సంతతి 2000 నాటికి 16 లక్షలు దాటింది. ఆల్బనీలో 1994లో సిగ్మా సై జీటా, బింగ్‌హామ్టన్‌లో 1995లో కాపా ఫై లాంబ్డా, జార్జియాలో 1998లో డెల్టా ఫై లాంబ్డా ఏర్పడ్డాయి. పేర్లు వేరైనా వీటి ఆశయాలు దాదాపు ఒకటే: సహోదరీభావం, సేవ, సంస్కృతి పట్ల ఎరుక. ఇవేవీ ఒకే దేశపు మూలాలవాళ్లకు పరిమితం కావు. ఆసియా మూలాలు లేని అమ్మాయిలనూ చేర్చుకుంటాయి. ‘ఆసియా ఆసక్తి’ గల సంఘం అన్న కాస్త వింతైన పేరు అందుకే వచ్చింది. పుట్టుక షరతు కాదు, ఆసక్తి షరతు. తమను పుట్టుక చూసి బయట నిలబెట్టారు కనుక తాము మాత్రం ఆ పని చేయకూడదని రాసుకున్న నియమం అది.

అయినా ఆసియా అనగానే అమెరికన్ల కళ్ల ముందు మెదిలేది తూర్పు ఆసియా ముఖమే. మనవాళ్ల పిల్లలు ఆ గొడుగు కింద తడుస్తూనే ఉన్నారు. అందుకే 1998 నవంబర్, డిసెంబర్ నెలల్లోనే మూడు దక్షిణాసియా సొరోరిటీలు వెంటవెంటనే పుట్టాయి: ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కాపా ఫై గామా, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో. వీళ్లకు ఇల్లు లాంటి మాట ‘దేశీ’. మన దగ్గర దేశీ అంటే నాటు విత్తనం, నాటు ఆవు. అక్కడ దేశీ అంటే భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక మూలాలున్న మనిషి. గుంటూరు తల్లిదండ్రుల బిడ్డ, లాహోరు తల్లిదండ్రుల బిడ్డ ఇక్కడి సరిహద్దులను పక్కనపెట్టి అక్కడ ఒకే బిగ్‌కు లిటిల్స్ కాగలుగుతారు. దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను. అయితే ఈ దేశీ గొడుగు కింద కూడా అందరికీ సమానంగా నీడ దొరకదు. భాంగ్రా, గర్బా, హిందీ సినిమా పాటలు ముందు వరుసలో ఉంటాయి, బతుకమ్మ గురించో ఉగాది పచ్చడి గురించో చెప్పాలంటే ఒక తెలుగమ్మాయి పూనుకుని చెప్పాలి. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో పెరిగిన ఐటీ కుటుంబాల పిల్లలు ఇప్పుడు పెద్ద సంఖ్యలో కళాశాలలకు వస్తున్నారు కాబట్టి, చెప్పేవాళ్లకు కొదవ ఉండదనుకుంటాను.

చేరిక ఎలా సాగుతుందో చూద్దాం. మొదట ‘రష్’ ఉంటుంది, అంటే పరిచయ కార్యక్రమాల వారం. రెండు వైపులవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నాక, నచ్చినవాళ్లకు ‘బిడ్’ ఇస్తారు. ఒప్పుకున్న అమ్మాయిలు కొన్ని వారాలపాటు సంఘం చరిత్ర, ఆసియన్ అమెరికన్ల చరిత్ర నేర్చుకుంటారు. జపనీస్ శిబిరాల గురించి, విన్సెంట్ చిన్ గురించి చాలామంది మొదటిసారి వినేది ఇక్కడే. ఇలా కలిసి నేర్చుకున్న జట్టును ‘లైన్’ అంటారు. ఆ గడువు ముగిసి సభ్యులు కావడం ‘క్రాసింగ్’. చివరగా అందరి ఎదుటా జరిగేది ‘ప్రోబేట్’. ఒకే తీరు దుస్తులు వేసుకుని, ముఖాలు కప్పుకున్న అమ్మాయిలు, ముందున్న అమ్మాయి భుజం మీద చేయి వేసి, ఒక్క అడుగు శబ్దంతో వరుసగా నడిచి వస్తారు. వ్యవస్థాపకుల పేర్లు, స్థాపించిన తేదీ, ఆశయాలు ఒక్క గొంతుతో, తడబడకుండా అప్పజెబుతారు. ఆ తర్వాత ఒక్కొక్కరే ముసుగు తీసి తన పేరు, తన వరుస సంఖ్య, తనకు పెట్టిన కొత్త పేరు చెబుతారు. చూడవచ్చిన బిగ్ అప్పటికే కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. ఈ లైను, ఈ ప్రోబేట్, పాటకు వరుసగా అడుగులేసే ‘స్ట్రోలింగ్’ అన్నీ నల్లజాతి సంఘాల నుంచి నేర్చుకున్నవి. 1929 నాటి అమ్మాయిలు శ్వేతజాతి సొరోరిటీలను చూసి నమూనా తీసుకుంటే, 1990ల నాటివాళ్లు నల్లజాతి సొరోరిటీల వైపు చూశారు. ఆ అరవై ఏళ్లలో ఆసియన్ అమెరికన్లు తమకు దగ్గరివాళ్లెవరో తేల్చుకున్న తీరు ఈ మార్పులో కనిపిస్తుంది. ఆ రుణాన్ని ఎప్పుడూ పేరు పెట్టి చెప్పుకోవడం న్యాయం.

సేవ విషయంలో ఈ సంఘాలు ఎంచుకున్న అంశాలు ఊరికే ఎంచుకున్నవి కావు. సిగ్మా సై జీటా స్త్రీలపై హింసను ఎదుర్కోవడాన్ని, డెల్టా ఫై లాంబ్డా ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌పై అవగాహనను తమ పనిగా పెట్టుకున్నాయి. ఇళ్లలో పైకి మాట్లాడని సంగతి ఒకటి, వయసు మీద పడ్డాక గానీ బయటపడని జబ్బు ఒకటి. వీటన్నింటిలో నాకు అన్నింటికంటే అర్థవంతంగా తోచేది ఎముక మజ్జలోని మూలకణాలను ఇచ్చే దాతల నమోదు. రక్తక్యాన్సరు వచ్చిన రోగికి ఎముక మజ్జ మార్చాలంటే కణజాల రకం సరిపోవాలి. పిల్లలకు అది తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది కాబట్టి, సొంత తోబుట్టువుతో పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇంట్లో దొరకకపోతే తన పూర్వీకుల మూలాలే ఉన్న అపరిచితుల్లో వెతకాలి. అమెరికా జాతీయ మజ్జదాతల సంస్థ లెక్కల్లో, నమోదైనవాళ్లలో తనకు పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం శ్వేతజాతి రోగికి 79 శాతం ఉంటే, ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్న రోగికి 47 శాతమే. పేర్లు నమోదు చేయించుకున్న మనవాళ్లు తక్కువ కావడం దీనికి ఒక పెద్ద కారణం. ఆసియా సంఘాలు ప్రాంగణంలో బల్ల వేసుకుని కూర్చుని, దారిన పోయే విద్యార్థులను ఆపి, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిపించి, ఆ పుల్లను కవరులో పెట్టి పంపిస్తాయి. రెండు నిమిషాల పని. సొంత చెల్లి కణజాలం సరిపోని చోట ఎన్నడూ చూడని మనిషి అక్కో చెల్లో అయ్యే అవకాశం ఆ కవరులో ఉంటుంది. సహోదరీభావం, సేవ, సంస్కృతి అని మూడుగా చెప్పుకునే ఆశయాలు ఆ బల్ల దగ్గర ఒక్కటే అయిపోతాయి.

ఇక చీకటి వైపు. వరసలో అక్క ఉంటే అక్క మాట వినడమూ ఉంటుంది. చేరబోయేవాళ్లను పరీక్షల పేరుతో బాధపెట్టడాన్ని అక్కడ ‘హేజింగ్’ అంటారు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఒక కళాశాలకు చెందిన ఆసియన్ అమెరికన్ ఫ్రెటర్నిటీ కొత్త సభ్యులను పెన్సిల్వేనియా కొండల్లోని ఒక అద్దె ఇంటికి తీసుకువెళ్లింది. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరికి కళ్లకు గంతలు కట్టి, ఇసుక నింపిన బరువైన సంచి వీపుకు తగిలించి, గడ్డకట్టిన నేల మీద నడిపిస్తూ పదేపదే గుద్ది పడేశారు. తలకు తగిలిన దెబ్బలతో ఆ అబ్బాయి చనిపోయాడు. ఆ తంతుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘గ్లాస్ సీలింగ్’, అంటే ఆసియావాళ్లను పైకి ఎదగనివ్వని కనబడని అడ్డుగోడ. జాతి పడిన బాధను పాఠంగా చెప్పడం వేరు, ఆ బాధను తమ్ముడి ఒంటి మీద మళ్లీ పెట్టి చూపించడం వేరు. ఆ తేడా చెరిగిపోయిన చోట ఒక ప్రాణం పోయింది. న్యాయస్థానం నలుగురు సభ్యులతోపాటు ఆ ఫ్రెటర్నిటీని కూడా శిక్షించి, 2018లో పెన్సిల్వేనియాలో పదేళ్లపాటు దాని కార్యకలాపాలను నిషేధించింది.

అది మగపిల్లల సంఘం కదా అని అమ్మాయిల సంఘాలు తప్పించుకోలేవు. గుద్దులు లేకపోయినా నిద్రపోనివ్వకపోవడం, అర్ధరాత్రి పనులకు పంపడం, పాత స్నేహితులతో మాట్లాడొద్దనడం, అందరి ముందూ నిలబెట్టి తప్పులెన్నడం కూడా హేజింగే. మన దగ్గర ర్యాగింగ్‌పై ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది, 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. ఆ అనుభవం ఉన్న తెలుగు తల్లిదండ్రులు కూడా హేజింగ్‌ను తొందరగా గుర్తుపట్టలేకపోవడానికి ఒక కారణం ఉంది. ర్యాగింగ్‌లో జూనియర్ ఏరికోరి వెళ్లదు, అడ్డం వచ్చిన సీనియర్‌కు చిక్కుతుంది. హేజింగ్‌లో అమ్మాయి ఇష్టపడే వెళుతుంది, మధ్యలో మానేస్తే లైన్‌లోని తోటివాళ్లను వదిలేసినట్టవుతుందని భరిస్తుంది, ఇంట్లో చెప్పదు. ఇష్టపడి ఒప్పుకున్నదన్న వాదన చాలా రాష్ట్రాల చట్టాల్లో చెల్లదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ఆ మాట చట్టంలోనే రాసి ఉంది.

2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టం ఇంకో అడుగు వేసింది. హేజింగ్‌కు పాల్పడినట్టు తేలిన సంఘాల పేర్లు, ఏం జరిగింది, ఏ చర్య తీసుకున్నారు అన్న వివరాలను విశ్వవిద్యాలయాలు ఒక నివేదికగా అందరికీ కనిపించేలా తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కూతురు ఫోన్ చేసి ‘అమ్మా, బిడ్ వచ్చింది’ అని చెప్పిన రోజున ఆ నివేదికలో ఆ సంఘం పేరుందేమో చూడటం పది నిమిషాల పని. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంటుంది, అది మన ఇళ్లలో ఎప్పుడూ అడిగేదే: మీ అక్క ఎవరమ్మా, ఏ ఊరి పిల్ల, నిన్ను ఎలా చూసుకుంటోంది?